గుమీ క్రీడారంగమున ముగ్గురు తెలుగు యువతులు

రేడియో వార్తలలో ఆటల ఫలితములకు దొరకు కాలము మిక్కిలి స్వల్పము. “మహిళల రిలే పరుగుపందెమున భారత జట్టునకు స్వర్ణపతకము లభించినది” అను వాక్యము చదువుటకు ఐదారు సెకండ్లు చాలును. ఆ పతకము కొరకు 2025 మే 29వ తేదీన దక్షిణ కొరియాలోని గుమీ నగరమున నలుగురు యువతులు పరుగెత్తిన కాలము 3 నిమిషముల 34.18 సెకండ్లు. ఆ పరుగునకు ముందు గడచినవి ఏండ్లు. ఆ నలుగురిలో ఒకరైన కుంజా రజిత మన భద్రాచలపు అడవుల అంచున, చింతూరు ఏజన్సీలోని రామచంద్రపురమున పెరిగిన కోయ బిడ్డ. ఇంత సంగతి ఒక వార్తావాక్యములో ఇముడునది కాదు. అందుచేత గుమీ పోటీలలో మన తెలుగు యువతులు చూపిన ప్రతిభను గూర్చియు, ఆ ప్రతిభ ఎట్లు పండినదను విషయమును గూర్చియు ఈ ప్రసంగమున కొంత తీరికగా ముచ్చటింప దలచితిమి.

ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ పోటీలు 1973లో మనీలా నగరమున ఆరంభమయినవి. 2025 మే 27 నుండి 31 వరకు గుమీలో జరిగినవి ఇరువది ఆరవ పోటీలు. ఈ పోటీల పేరు వినగానే పెద్దలకు 1985 నాటి జకార్తా జ్ఞప్తికి రాక మానదు. ఆ యేడు పి.టి. ఉష ఒక్కతెయే ఐదు స్వర్ణపతకములను, ఒక కాంస్యపతకమును గెలిచి తెచ్చినది. గుమీలో భారతదేశమునకు మొత్తము 24 పతకములు లభించినవి. వానిలో 8 స్వర్ణములు, 10 రజతములు, 6 కాంస్యములు. పతకముల పట్టికలో చైనా తరువాతి స్థానము మనదే.

ఆ ఎనిమిది స్వర్ణములు ఎవరెవరివో ఒకసారి చెప్పుకొందము. గుల్వీర్ సింగ్ 10,000 మీటర్ల పరుగును, 5,000 మీటర్ల పరుగును రెండింటిని గెలిచెను. రెండవదానిలో 13 నిమిషముల 24.77 సెకండ్లతో పోటీల రికార్డును తిరుగ వ్రాసెను. అవినాశ్ సాబ్లే 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌ను 8 నిమిషముల 20.92 సెకండ్లలో ముగించెను. ఎత్తు దూకుటలో పూజ అను బాలిక 1.89 మీటర్లు దూకి మొదటి స్థానమున నిలిచెను. స్త్రీపురుషులు కలిసి పరుగెత్తు మిశ్రమ రిలేలో ఒక స్వర్ణము వచ్చినది. ఇవి ఐదు. మిగిలిన మూడింటిలోను తెలుగు యువతుల చేయి ఉన్నది. వంద మీటర్ల హర్డిల్స్‌లో విశాఖపట్నపు జ్యోతి యర్రాజి, హెప్టాథ్లాన్‌లో తెలంగాణమునకు చెందిన అగసర నందిని, మహిళల నాలుగువందల మీటర్ల రిలే జట్టులో కుంజా రజిత. ఒకరు ఓడరేవు పట్టణమునుండి, ఒకరు గురుకుల పాఠశాలనుండి, ఒకరు గోదావరి అడవినుండి వచ్చినవారు.

మొదట జ్యోతి పరుగును చూతము. వంద మీటర్ల దూరములో పది హర్డిల్స్ నిలిపి ఉండును. ఒక్కొక్కదాని ఎత్తు 83.8 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు మన నడుము పాటి. బయలుదేరు గీతనుండి మొదటి హర్డిల్ 13 మీటర్ల దూరము. అటుపిమ్మట 8.5 మీటర్లకు ఒకటి. కడపటిది దాటిన తరువాత 10.5 మీటర్లు పరుగెత్తవలయును. రెండు హర్డిల్స్ నడుమ వేయవలసినవి మూడే అంగలు. అంగ పొట్టిదయినచో నాలుగవది వేయక తప్పదు. అప్పుడు ముందు దాటవలసిన కాలు మారిపోవును, పరుగు చెదరిపోవును. అందుచేత ఈ పందెములో దూకుటకన్న పరుగే ప్రధానము. హర్డిల్‌పై గాలిలో గడపిన ప్రతి క్షణమును నష్టమే. నేర్చినవారు దానిని ఎగిరి దూకరు. పరుగు ఆగకుండ, తల ఎత్తు మారకుండ దానిమీదుగా అంగవేసి పోవుదురు.

జ్యోతి ఈ విద్యలో ప్రవీణురాలగుటకు చాల కాలము పట్టినది. తండ్రి కాపలా ఉద్యోగి. తల్లి ఇండ్లలో పనిచేసి సంసారమునకు తోడ్పడినది. విశాఖపట్నపు పోర్టు ఉన్నత పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడు ఆమె ఎత్తును గమనించి హర్డిల్స్ వైపు మరలించినాడు. తరువాత హైదరాబాదులో నాగపురి రమేశ్ వద్దను, పిమ్మట భువనేశ్వరములో జేమ్స్ హిలియర్ వద్దను శిక్షణ పొందెను. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో ఆమె 13.09 సెకండ్లలో పరుగెత్తినది. ఆనాటికి దేశపు రికార్డు 2002లో అనూరాధా బిశ్వాల్ నెలకొల్పిన 13.38. అయినను జ్యోతి పరుగు రికార్డుగా లెక్కకు రాలేదు. వెనుకనుండి వీచు గాలి వేగము సెకనుకు 2 మీటర్లు మించినచో రికార్డు చెల్లదని నియమము. ఆనాడు గాలి 2.1 మీటర్లున్నది. మరుసటి నెలలోనే సైప్రస్ ద్వీపమునందలి లిమసాల్‌లో 13.23 సెకండ్లలో పరుగెత్తి, ఇరువది యేండ్ల రికార్డును నియమబద్ధముగా దాటినది. 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో విశ్వవిద్యాలయముల ప్రపంచ క్రీడలయందు 12.78 సెకండ్లకు చేరినది. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో ఈ పందెమున పాల్గొన్న తొలి భారతీయ మహిళ ఆమెయే.

గుమీలో మే 29వ తేదీన వాన కురిసినది. పోటీలు ఆలస్యమయినవి. ప్రేక్షకుల ఆసనములు చాల వరకు ఖాళీగా ఉన్నవి. తడిసిన ట్రాక్‌పై హర్డిల్స్ పరుగు సులభము కాదు. ఒక్క పాదము జారినను మూడంగల లెక్క తప్పును. ఆ స్థితిలో జ్యోతి 12.96 సెకండ్లలో ముగించి, 2023లో బాంకాక్‌లో గెలిచిన పతకమును నిలుపుకొనెను. అంతకు ముందు ఈ పోటీల రికార్డు 13.04. చప్పట్లు కొట్టువారు లేని మైదానములో సాధించిన రికార్డు అది. దేశము ఆ దృశ్యమును తరువాత తెరలపై చూచి కన్నులు చెమ్మగిలినది. ఆ యేడే జూలైలో ఆమె మోకాలికి గాయమయ్యెను. క్రీడాకారుల భాగ్యము ఎంత సున్నితమైనదో తెలుపుటకే ఈ మాట చెప్పుచున్నాము.

రెండవది నందిని పోటీ. హెప్టాథ్లాన్ అనగా ఏడు పోటీల సమాహారము. మొదటి దినమున వంద మీటర్ల హర్డిల్స్, ఎత్తు దూకుట, నాలుగు కిలోల షాట్‌పుట్, 200 మీటర్ల పరుగు. రెండవ దినమున పొడవు దూకుట, జావెలిన్ విసరుట, 800 మీటర్ల పరుగు. ఒక్కొక్కదానికి ఫలితమును బట్టి పాయింట్లు వేసి కూడుదురు. ఇందులో ఒకదానికి కావలసిన దేహము వేరొకదానికి పనికిరాదు. షాట్ విసరుటకు బరువు, బలము కావలెను. ఎత్తు దూకుటకు తేలికదనము కావలెను. 800 మీటర్లకు దమ్ము కావలెను. అన్నింటికి కొంచెము కొంచెముగా సరిపడు దేహమును ఓపికతో మలచుకొనుటయే ఈ క్రీడ. రెండు దినముల అలసట పేరుకొన్న తరువాత కడపట 800 మీటర్లు పరుగెత్తవలయును గదా, అక్కడ బయటపడును మనిషి పట్టుదల.

నందిని టీ అమ్మి బ్రతుకు తండ్రి కూతురు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాలయమున చదివినది. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో 5,712 పాయింట్లతో కాంస్యము గెలిచెను. గుమీలో ఆ మొత్తమును 5,941కి పెంచి స్వర్ణము పొందెను. రెండేండ్లలోపల 229 పాయింట్ల పెరుగుదల అది. ఏడు పోటీలకు పంచి చూచినచో ఒక్కొక్కదానిలో ఇంచుమించు ముప్పది మూడు పాయింట్లు. ఒక్క గంతులో వచ్చిన పెరుగుదల కాదిది, అన్నింటిలో కొంత కొంత దిద్దుకొన్నప్పుడు వచ్చునది. ఆసియా పోటీలలో ఈ స్వర్ణమును ఆమెకు ముందు గెలిచిన భారతీయ మహిళలు సోమా బిశ్వాస్, స్వప్నా బర్మన్ ఇరువురే. మొదటివారు 2005లో, రెండవవారు 2017లో.

ఇక రిలే. ఇందులో నలుగురు క్రీడాకారిణులు తలకు 400 మీటర్లు పరుగెత్తుదురు. బేటన్ అను చిన్న గొట్టమును ఒకరినుండి ఒకరు అందుకొందురు. దాని పొడవు 28 నుండి 30 సెంటీమీటర్లు. మార్చుకొనుటకు గీచిన హద్దు 20 మీటర్లు. ఆ హద్దు దాటి మార్చినచో జట్టు మొత్తము పోటీనుండి తొలగిపోవును. వంద మీటర్ల రిలేలో అందుకొనువారు వెనుకకు చూడక చేయి చాపుదురు. నాలుగువందల మీటర్ల రిలేలో అట్లు కుదరదు. వచ్చువారు అలసి ఉందురు. వారి వేగము ఎంత పడిపోయినదో కంటితో చూచి, అంచనా వేసి, తాము కదలవలయును.

ఈ పందెములో మొదటివారి పరుగు అంతయు తమ లేన్‌లోనే సాగును. రెండవవారు మొదటి మలుపు దాటిన పిదప లేన్లు విడిచి లోపలి అంచునకు చేరుదురు. మూడవవారి వంతు వచ్చునప్పటికి జట్లన్నియు ఒక్కచోట మూగును. తమ జట్టు ఏ స్థానమున వచ్చుచున్నదో దానిని బట్టి వారు వరుసగా నిలువవలయును. పక్కవారి మోచేతులు తగులును, బూట్లమేకులు తగులును. ఆ తోపులాటలో బేటన్ జారనీయక అందుకొని, ఉన్న స్థానమును కాపాడి, కడపటి వారికి చేర్చుట మూడవవారి బాధ్యత. గెలిచినపుడు ఛాయాచిత్రము కడపటివారిది. ఆరంభమున పేరు మొదటివారిది. నడుమనున్న ఇద్దరి పేర్లు తరచు వినబడవు.

గుమీలో మన జట్టు జిస్నా మాథ్యూ, రూపల్ చౌధరి, కుంజా రజిత, శుభా వెంకటేశన్. కేరళము, ఉత్తరప్రదేశ్, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఒక్క గొట్టమును పంచుకొన్నవన్నమాట. జ్యోతి గెలిచిన నాడే, ఆ వాన దినముననే, ఈ నలుగురును గెలిచిరి. వియత్నాం జట్టు రెండవ స్థానమున, శ్రీలంక జట్టు మూడవ స్థానమున నిలిచినవి. 3 నిమిషముల 34.18 సెకండ్లను నలుగురికి సమముగా పంచినచో తలకు 53.5 సెకండ్లు వచ్చును. 2022 జూన్‌లో పంచకులలో జరిగిన ఖేలో ఇండియా యువ క్రీడలలో రజిత ఒంటరిగా 400 మీటర్లను 56.07 సెకండ్లలో పరుగెత్తి స్వర్ణము గెలిచెను. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చుట సరికాదు. రిలేలో అందుకొనువారు కదలుచునే పరుగు ప్రారంభింతురు గనుక కొంత కాలము కలిసివచ్చును. అయినను మూడేండ్లలో ఆమె ఎక్కడనుండి ఎక్కడికి వచ్చినదో గ్రహించుటకు ఈ లెక్క చాలును.

ఆమె పెరిగిన సీమను మన శ్రోతలలో అనేకులు ఎరుగుదురు. కూనవరము వద్ద శబరి గోదావరిలో కలియును. ఆ శబరి వెంట పైకి పోయినచో చింతూరు. అక్కడినుండి ఒక దారి ఛత్తీస్‌గఢ్‌లోని కొంటకు, ఒక దారి ఒడిశాలోని మోటుకు పోవును. మూడు రాష్ట్రములు కలియు చోటు అది. ఆ సీమ ఎన్ని జిల్లాలలో ఉండెనో చెప్పుకొన్నచో ఒక చరిత్ర అగును. 1959 వరకు తూర్పుగోదావరి జిల్లా; అటుపిమ్మట ఖమ్మము జిల్లా; పోలవరము ప్రాజెక్టు కారణమున 2014లో మరల తూర్పుగోదావరి; 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా. కాగితముపై గీతలు మారినవి గాని సంతలకును, ఆసుపత్రికిని జనులు వచ్చునది నేటికిని భద్రాచలమునకే. అందుచేతనే రజితను మన బిడ్డ అనుటకు మేము సంకోచింపలేదు. ఆమె కుటుంబము ఛత్తీస్‌గఢ్ అడవులనుండి తరలివచ్చిన గుత్తికోయ కుటుంబము. తండ్రి గతించిన తరువాత తల్లి రెక్కల కష్టముతో పిల్లలను సాకినది. అడవినుండి కట్టెలు మోసి తెచ్చుకొను ఇంటిలో రజిత పెరిగినది.

ఇచ్చట ఒక మాట విచారింప వలసియున్నది. ఇట్టి గెలుపు వార్త వినగానే పట్టణములలో పలువురు, “అడవి బిడ్డలకు పరుగు పుట్టుకతోనే వచ్చును గదా” అందురు. మెచ్చుకోలుగానే అందురు. కాని ఆ మెచ్చుకోలులో ఆ బాలిక పడిన పాటు మరుగున పడిపోవుచున్నది. కొండదారుల నడక, నీటికి కట్టెలకు పోవు శ్రమ కాళ్లకు దారుఢ్యము నిచ్చును, ఇది కాదనరాదు. అయితే 400 మీటర్ల పరుగు అడవిలో ఎవరికిని తటస్థపడదు. ఒక నిమిషమునకు లోపున ముగియు ఈ పందెమును మనిషి దేహము సహజముగా కోరదు. మొదటి కొద్ది సెకండ్లు కండరములలో నిలువయున్న శక్తితో గడచును. పిమ్మట ప్రాణవాయువు చాలని స్థితిలో శక్తి పుట్టవలసి వచ్చును. మూడువందల మీటర్లు దాటునప్పటికి తొడలు సీసము పోసినట్లు బరువెక్కును, చేతులు బిగుసుకొనును. ఆ స్థితిలో అంగ చెదరకుండ పరుగెత్తుట అభ్యాసము వలననే లభించును. రోజు విడిచి రోజు మూడువందల మీటర్లు పలుమార్లు పరుగెత్తి, నడుమ కొలచి విశ్రమించి, మరల పరుగెత్తి, వాంతి వచ్చువరకు సాధన చేసి ఏండ్లు గడపినవారికి గాని అది పట్టుపడదు.

అడవియే పరుగు నేర్పునదయినచో ఓడరేవు పట్టణపు జ్యోతి ఎట్లు గెలిచినది? పట్టణపు వసతులే నేర్పునవయినచో రజిత ఎట్లు గెలిచినది? ముగ్గురి ఊళ్లు వేరు, కులములు వేరు, పోటీలు వేరు. వారి కథలలో సమానముగా కనబడునవి మూడు విషయములు. చిన్ననాడే ఎవరో ఒకరు వారిని గమనించిరి. ఇల్లు విడిచి ఉండి చదువుకొనుచు, సాధన చేయుచు, కడుపునిండ తినుటకు ఒక చోటు దొరకినది. చేసిన సాధనను కొలుచుటకు గడియారమును, పోటీలును లభించినవి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినను గుమీలో మన జెండా అన్నిసార్లు పైకి పోయి ఉండదు.

మరొక నిదర్శనము ఖమ్మమునకు పొరుగుననే ఉన్నది. వరంగల్లు ప్రాంతమున పర్వతగిరి మండలమునకు చేరిన కల్లెడ గ్రామములో పుట్టిన జీవంజి దీప్తి మేధాశక్తిలో లోపముతో పుట్టినది. ఊరివారి ఎకసెక్కములు విని పెరిగిన బాలిక. పాఠశాలలో ఆమె పరుగును చూచినవారు పెద్దలకు తెలిపిరి. 2016లో ద్రోణాచార్య పురస్కారము పొందిన నాగపురి రమేశ్ ఆమెకు శిక్షణ నిచ్చిరి. 2024 మే నెలలో జపానులోని కోబే నగరమున జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో ఆమె తన విభాగమున 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి అంతవరకు ఉన్న ప్రపంచ రికార్డును దాటెను. ఆ యేడే పారిస్ పారాలింపిక్ క్రీడలలో 55.82 సెకండ్లతో కాంస్యము తెచ్చెను. ఎకసెక్కము చేసిన నోళ్లే స్వాగతము పలికినవి. చూచిన కన్ను ఒక్కటి లేకున్నచో ఈ రికార్డు మనకు తెలియకయే పోయెడిది.

మన సీమలో ఆ కన్ను ఎన్ని చోట్ల తెరచి ఉన్నది? ఐ.టి.డి.ఏ. వారి ఆశ్రమ పాఠశాలలు ఉన్నవి. పాల్వంచ సమీపమున కిన్నెరసానిలో గిరిజన బాలబాలికల కొరకు క్రీడా పాఠశాల ఉన్నది. ఖమ్మములో సర్దార్ పటేల్ స్టేడియము ఉన్నది. అయినను గుంపునుండి పాఠశాలకు, పాఠశాలనుండి మండలపు పోటీలకు, అటనుండి జిల్లా పోటీలకు చేరు దారిలో జారిపోవు బాలికలు ఎందరో. పదమూడు, పదునాలుగేండ్లు వచ్చునప్పటికి ఇంటిపనికి పిలుచుకొని పోవుదురు, లేదా మిరపకోతలకు తీసికొని పోవుదురు. పోటీలకు పంపవలసిన దినమున బస్సు ఉండదు. బూట్లు ఉండవు. వానకాలమున దారి తెగును. రజిత పంచకులలో గెలిచిన మరుసటి నెలలో, 2022 జూలై 16వ తేదీన, భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు పెరిగినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. శబరి వెనుకకు తన్నినది. కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము మండలములలోని పల్లెలు నీట మునిగినవి. ఇల్లే మునిగిన చోట ఆటస్థలమును గూర్చి అడుగువారెవరు?

అయినను అడుగవలయును. పోలవరము ముంపునకు లోనగు గ్రామములు కొత్త చోట్లకు మారుచున్నవి. ఇండ్లకు స్థలములు కొలచునపుడే బడికి ఆటస్థలమును కొలచి ఉంచవలయును. ఇండ్లు లేచిన తరువాత మైదానమునకు చోటు దొరకదు. ఇది ప్రభుత్వము చేయవలసిన పని. ఉపాధ్యాయులు చేయదగినది వేరొకటి ఉన్నది. దానికి రూపాయి వ్యయము కూడ ఇంచుమించు లేదు. బడి ఆవరణలో టేపుతో కొలచి వంద మీటర్ల దూరమునకు సున్నపు గీతలు గీయవచ్చును. స్టాప్‌వాచ్ ఒకటి, లేదా అది ఉన్న సెల్‌ఫోను ఒకటి చాలును. సంవత్సరమునకు మూడుమార్లు ప్రతి బాలుని, ప్రతి బాలికను పరుగెత్తించి, వచ్చిన కాలమును ఒక నోటు పుస్తకములో వ్రాసి ఉంచవలయును. “ఈ పిల్ల బాగుగా పరుగెత్తును” అను మాటకు జిల్లా కేంద్రమున విలువ లేదు; “ఈ పిల్ల మూడు మార్లును ఇంత కాలములో పరుగెత్తినది” అను మాటకు విలువ ఉన్నది. అంకె వ్రాసి ఉన్నచో అడుగుటకు నోరు వచ్చును.

తల్లిదండ్రులకు ఒక విన్నపము. ఆడపిల్ల పొట్టి లాగు తొడిగి పరుగెత్తుట చూచి పదుగురు నవ్వుదురని వెనుకాడు ఇండ్లు ఇంకను ఉన్నవి. 1970లో బాంకాక్ ఆసియా క్రీడలలో కమల్‌జీత్ సంధు 400 మీటర్ల పరుగున స్వర్ణము గెలిచి, ఆసియా క్రీడలలో వ్యక్తిగత పందెమున ఆ గౌరవము పొందిన తొలి భారతీయ మహిళ అయినది. అర్ధశతాబ్దమునకు పైగా గడచినది. ఇంకను నవ్వువారుండిన నవ్వనిండు. పరుగెత్తు పిల్లకు కావలసినవి ఒక గ్రుడ్డు, ఒక గ్లాసు పాలు, ఒక గిన్నె పప్పు, రాత్రి ఎనిమిది గంటల నిద్ర. సాధన చేసిన నాడు ఇంటిపని కొంత తగ్గించుట. కాలు నొప్పి అనినపుడు పసరు కట్టి ఊరకుండక వైద్యునకు చూపుట. పోటీకి పోవు నాడు ఇంటిలో ఒకరు వెంట నిలుచుట. ఇంతకన్న పెద్ద త్యాగములను ఎవరును కోరుటలేదు.

పరుగెత్తిన పిల్లలందరు గుమీకి పోవుదురని మేము చెప్పబోవుట లేదు. వేయిమందిలో ఒకరు జిల్లా దాటుదురు. వారిలో బహు కొద్దిమంది దేశము దాటుదురు. కాని కొలిచి వ్రాసిన పుస్తకము ఉన్న బడిలో తక్కిన పిల్లలకు కూడ మేలే జరుగును. దేహము బాగుపడును, బడి మానుట తగ్గును, ఓడి మరల ప్రయత్నించుట అలవడును. పతకము ఒకరికి వచ్చును. ఈ లాభము అందరికి వచ్చును.

ఇకముందు పోటీల ఫలితములు వార్తలలో చదువునపుడు రిలే జట్టులోని నాలుగు పేర్లను విడువక చదువుట మా వంతు పని. మీ పల్లెలో, మీ గూడెములో, బడి గంట మ్రోగగానే అందరికన్న ముందుగా గేటు చేరు ఆడపిల్ల ఎవరో మీకు తెలియును. రేపు ఆమె పేరును ఉపాధ్యాయునకు చెప్పి, ఆమె కాలమును కొలిపించుట మీ వంతు పని.